లెక్కల పట్టికలలో ఎత్తివ్రాత

ఈ పుటలలో మేము మామిడితోటలలో తేనెమంచు పురుగు నివారణను గూర్చియో, వేరుశనగ విత్తనశుద్ధిని గూర్చియో వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసపు పాఠము పొలమునకు సంబంధించినది కాదు, పొలము లెక్కకు సంబంధించినది. కంప్యూటరు పట్టికలో ఒకచోటనున్న అంకెలను వేఱొకచోటికి చేర్చు విధమును, అందులోని మోసములను చెప్పదలచితిమి. వ్యవసాయ ప్రదర్శకులకు ఈ ప్రసంగ మేల యని కొందఱు అడుగవచ్చును. గింజ చెడ్డదైనచో పదిదినములలో చేనే చెప్పును. పట్టికలో తప్పు పడినచో చెప్పువారు లేరు. అట్టి తప్పును మేమే స్వయముగా చేసియున్నాము కనుక ఆ కథతోనే మొదలుపెట్టెదము.

కొన్ని వత్సరముల క్రిందట ఒక సంఘములో, యాసంగి వేరుశనగ విత్తనముల వెల చెల్లించిన రైతుల మొత్తములను సభ్యుల పట్టికలో ఎక్కించు పనికి సహాయముగా కూర్చుంటిమి. ఆ పట్టికలో సభ్యులు సభ్యత్వ సంఖ్య క్రమమున ఉండిరి, గ్రామముల క్రమమున కాదు. మా చేతికి వచ్చిన జాబితా ఒక్క గ్రామమునకు చెందినది. అందులో 37 మంది రైతులు. మేము పట్టికకు ఫిల్టరు వేసి ఆ గ్రామమువారి పేర్లు మాత్రమే కనబడునట్లు చేసితిమి. పిదప జాబితాలోని 37 మొత్తములను ఒక్కసారిగా కాపీ చేసి, మొదటి పేరు ఎదుటి గడిలో పేస్టు చేసి, వెంటనే ఫిల్టరును తీసివేసితిమి. నిలువు వరుసలో 37 గడులు ఖాళీ లేకుండ వరుసగా నిండియుండెను. అడుగున మొత్తము చూచితిమి. రసీదు పుస్తకపు మొత్తముతో పైసలతో సహా సరిపోయెను. పని తొందరగా ముగిసినదని సంతోషించి ఇల్లు చేరితిమి.

ఆ వరుసగా నిండిన గడులే మమ్ము హెచ్చరింపవలసినవి. సభ్యత్వ సంఖ్యల క్రమమున ఉన్న పట్టికలో ఒక్క గ్రామమువారు వరుసగా ఎట్లుందురు? ఫిల్టరు అడ్డు వరుసలను కంటికి కనబడకుండ దాచునే కాని వాని చోటునుండి తొలగింపదు. ఫిల్టరు వేసిన పట్టికనుండి కాపీ చేయునప్పుడు ఎక్సెలు కనబడు వరుసలను మాత్రమే తీసికొనును. పేస్టు చేయునప్పుడు మాత్రము దాగిన వరుసలలోనికి కూడ అంకెలను దించుచు పోవును. మా 37 మొత్తములు పెక్కు గ్రామముల రైతుల పేర్ల ఎదుట కూర్చుండెను. చెల్లించినవారు బాకీదారులైరి, చెల్లింపనివారి బాకీ తీరిపోయెను. మొత్తము మాత్రము సరిగానే ఉండెను.

తొలకరి పడిన పిమ్మట ఒక వృద్ధ రైతు మొక్కజొన్న విత్తనములకై వచ్చెను. పాత బాకీ ఉన్నదని ఆయనను త్రిప్పి పంపిరి. మఱునాడు ఆయన ధోవతి కొంగున మూటగట్టిన రసీదును తెచ్చి బల్లమీద పెట్టెను. కోపపడలేదు. "సారూ, మీ డబ్బ అబద్ధం జెప్తున్నదా, నా కాగితం జెప్తున్నదా?" అని మాత్రము అడిగెను. రసీదు అడుగుప్రతులన్నియు తిరుగవేసి పట్టికను సరిచేయుటకు మూడు దినములు పట్టెను. ఆ మూడు దినముల ఎండకు ఆయన చేనిలో పదును ఆరిపోయెను. విత్తనము ఇచ్చితిమి కాని పదును ఈయలేకపోతిమి.

మేము చదివిన మిషను బడిలో చూచివ్రాతకు ప్రత్యేకముగా ఒక గంట ఉండెడిది. పై పంక్తిని చూచి క్రింది పంక్తులను నింపవలెను. మూడవ పంక్తినుండి పిల్లలు పై పంక్తిని చూడక, తాము వ్రాసిన దానినే చూచి వ్రాయుచుందురు. రెండవ పంక్తిలోని తప్పు అడుగు పంక్తి వఱకు దిగును. తాటియాకులమీద గ్రంథములు వ్రాసిన లేఖకులు తాము చూచినట్లే వ్రాసితిమనియు, తప్పులున్నచో తమ్ము నిందింపవలదనియు చివర విన్నవించుకొనెడివారు. కంప్యూటరు అట్టి విన్నపము చేయదు. చూచినట్లు వ్రాయుననుటయు నిజము కాదు. కొన్ని వేళల తనకు తోచినట్లు మార్చి వ్రాయును.

ఈ పనిముట్టు పుట్టి ఎంతో కాలము కాలేదు. అమెరికాలో లారీ టెస్లరు అనునతడు జిరాక్సు సంస్థ పరిశోధనశాలలో 1970 తరువాతి వత్సరములలో, తెరమీది వ్రాతను కత్తిరించి, ఎత్తి, అంటించు పద్ధతిని తన సహచరులతో కలిసి రూపొందించెను. ఆయన 2020లో మరణించెను. అంకెల పట్టికను తెరమీదికి తెచ్చిన విసికాల్కు అను సాధనము 1979లో వెలువడెను. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ దాని కర్తలు. ఎక్సెలు 1985లో వచ్చెను. ఇప్పుడది మన గ్రామములలోని మీసేవా కేంద్రముల వఱకు వ్యాపించినది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. పాత దస్త్రములలోని బాకీలు, వాటాధనములు క్రొత్త పట్టికలలోనికి ఎక్కునపుడు ఎత్తివ్రాత తప్పదు. కావున దానిని నేర్చియే చేయవలెను.

మొదట తెలియవలసిన సంగతి ఇది. పట్టికలోని ఒక్కొక్క గడిలో మూడు వస్తువులు కలిసి యుండును. కంటికి కనబడు అంకె ఒకటి. ఆ అంకెను పుట్టించిన సూత్రము రెండవది. అంకె తొడుగుకొన్న వేషము, అనగా రంగు, రూపాయి గుర్తు, తేదీ రూపము మున్నగునవి, మూడవది. మామూలుగా కాపీ చేసి పేస్టు చేసినచో ఈ మూడును కలిసి పోవును. మనకు కావలసినది తఱచుగా అంకె యొక్కటే.

దీనికొక ఉదాహరణము. ఎరువు బస్తా వెల 300 రూపాయలనుకొందము. దానిని పట్టికలో పైన ఒక గడిలో వ్రాసితిమి. క్రింద ప్రతి సభ్యుని ఎదుట బస్తాల సంఖ్య కలదు. మొదటి సభ్యుని ఎదుట "బస్తాలు ఇంటు వెల గడి" అని సూత్రము వ్రాసి దానిని క్రిందికి కాపీ చేసినచో, బస్తాల గడి ఒక్కొక్క మెట్టు దిగును, అది మనకు కావలసినదే. కాని వెల గడి కూడ దానితోపాటు ఒక్కొక్క మెట్టు దిగిపోవును. రెండవ సభ్యునికి వెల క్రింది ఖాళీ గడితో లెక్క జరిగి సున్న వచ్చును. సున్న వచ్చినచో మేలే, తప్పు తెలియును. ఆ క్రింది గడిలో వేఱొక ఎరువు వెల ఉన్నచో తెలియదు. వెల గడి కదలకుండుటకు సూత్రములో దాని పేరు మీద కర్సరు నుంచి ఎఫ్-4 మీటను నొక్కవలెను. డాలరు గుర్తులు పడును. పశువును గుంజకు కట్టినట్లే; ఆ గుర్తులున్న గడి చోటు వదలదు.

లెక్క పూర్తియైన పట్టికను వేఱొక కాగితమునకు చేర్చునప్పుడు సూత్రములను తీసికొనిపోరాదు. అచ్చట వాని మూలపు గడులు ఉండవు. అంకెలను మాత్రమే దించవలెను. క్రొత్త ఎక్సెలులోను గూగుల్ షీట్సులోను కంట్రోలు, షిఫ్టు, వి మీటలను కలిపి నొక్కినచో అంకె మాత్రమే దిగును. పాత ఎక్సెలులో కంట్రోలు, ఆల్టు, వి నొక్కినచో పేస్టు స్పెషల్ అను చిన్న కిటికీ తెఱచుకొనును. అందు మఱల వి నొక్కి ఎంటరు కొట్టవలెను. మా అనుభవములో ఈ ఒక్క అలవాటు సగము తప్పులను మానిపించును. అదే కిటికీలో ట్రాన్స్‌పోజు అను మఱియొక సౌకర్యము కలదు. బేనిషాన్ కాయ అమ్మిన తక్‌పట్టీల లెక్కను కొందఱు తేదీలు అడ్డముగా వచ్చునట్లు వ్రాసి పంపుదురు. మన పట్టికలో తేదీలు నిలువుగా ఉండును. ఒక్కొక్కటి చేత్తో మార్చి వ్రాయుట కంటె ట్రాన్స్‌పోజుతో దించినచో అడ్డు వరుస నిలువు వరుసగా నిలుచును.

మీటల సంగతి ఇంకొంచెము. వందల గడులను ఎలుకతో ఈడ్చుచు ఎంచుకొనువారిని చూచితిమి. చేయి జాఱినచో మొదటినుండి మఱల చేయవలెను. మొదటి గడిలో నిలిచి కంట్రోలు, షిఫ్టు పట్టుకొని క్రిందిబాణపు మీటను నొక్కినచో ఖాళీ గడి వచ్చు వఱకు అంతయు ఒక్క క్షణములో ఎన్నికగును. నడుమ ఖాళీ గడి ఉన్నచో అచ్చటనే ఆగిపోవునని మఱువరాదు. ఒక గడిలోని సూత్రమును క్రింది గడులకు నింపుటకు, పై గడితో కలిపి అన్నిటిని ఎన్నుకొని కంట్రోలు, డి నొక్కుట చాలును. తప్పు జరిగినదని అనుమానము కలిగిన వెంటనే కంట్రోలు, జెడ్ నొక్కుడు. ఇంకొక పని చేసిన పిమ్మట కాదు.

ఇక మన ప్రాంతపు చిక్కులకు వచ్చెదము. ఇవి పట్నపు పుస్తకములలో కనబడవు.

భూముల రికార్డులు 2020 అక్టోబరు 29 నుండి ధరణి పోర్టలులో ఉండెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి ప్రారంభమైనది. రైతు తన సర్వే నంబర్లను అచ్చటినుండి కాపీ చేసి సంఘపు పట్టికలో పేస్టు చేయుననుకొందము. 245/అ అను నంబరు క్షేమముగ చేరును. అందులో అక్షరము కలదు కనుక ఎక్సెలు దానిని ముట్టదు. కాని 12/3 అను నంబరును అది తేదీ యనుకొని మార్చి 12 చేయును. ఆ గడికి తరువాత అక్షర రూపమిచ్చినను 12/3 తిరిగి రాదు; 45728 వంటి సంఖ్య వచ్చును. 1900వ సంవత్సరము మొదలుకొని దినములను లెక్కించి ఎక్సెలు తేదీలను లోపల అట్లు దాచుకొనును. ఆ సంఖ్య 2025 మార్చి 12కు చెందినది. చిన్న సంఖ్యలకే ఈ ప్రమాదము. సన్నకారు రైతుల ముక్కలకే తఱచుగా ఇట్టి బై నంబర్లుండుట మనము గమనింపవలసిన సంగతి.

ఈ బాధ మనకే కాదు. మనుష్య శరీరములోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లలో కొన్నిటిని ఎక్సెలు మార్చి, సెప్టెంబరు తేదీలుగా మార్చివేయుచుండెను. విసిగి 2020లో జన్యువుల పేర్లనే మార్చుకొనిరి. సెప్ట్-1 అనునది సెప్టిన్-1 అయినది. మనము సర్వే నంబర్లను మార్చుకొనలేము. కావున పేస్టు చేయుటకు ముందే నిలువు వరుసను ఎన్నుకొని, కంట్రోలు, 1 నొక్కి, టెక్స్టు అను రూపమును ఈయవలెను. పిదప అంకె మాత్రమే దించు పద్ధతిని పేస్టు చేయవలెను. ముందు పేస్టు చేసి తరువాత టెక్స్టు చేయుట దొంగ పోయిన పిదప తలుపు వేయుటవంటిది.

రెండవ చిక్కు గుంటలది. మన రికార్డులలో 2.25 అనగా 2 ఎకరముల 25 గుంటలు. 40 గుంటలైనచో ఒక ఎకరము. కంప్యూటరునకు ఇది తెలియదు. దానికి 2.25 అనగా రెండుంబాతిక. ఒక రైతుకు 2.25, 1.30 అని రెండు ముక్కలున్నచో పట్టిక 3.55 అని కూడును. నిజమునకు 3 ఎకరముల 55 గుంటలు, అనగా 4 ఎకరముల 15 గుంటలు. పట్టిక మాటను నమ్మి 3.55 ఎకరములకు పంట ఋణము కట్టినచో ఆ రైతుకు 33 గుంటల భూమి మీది ఋణము తగ్గిపోవును. రైతు కూడిక తప్పని అనుకొనడు. సంఘము ఇచ్చినదింతే యనుకొని పోవును.

ఇంకొక సూక్ష్మము కలదు. 2.10 అని కాపీ చేసినది సంఖ్యగా దిగినచో చివరి సున్న రాలిపోయి 2.1 అని కనబడును. చూచువాడు 2 ఎకరముల 1 గుంట అని చదువును. పది గుంటలు ఒక గుంటగా మిగిలెను. దీనికి మేము చెప్పు ఉపాయము ఎకరములకొక నిలువు వరుస, గుంటలకొక నిలువు వరుస పెట్టుట. వచ్చిన అంకెలను మొదట టెక్స్టు రూపములోనే దించి, తరువాత టెక్స్ట్ టు కాలమ్స్ అను సాధనముతో చుక్క దగ్గఱ విడదీయవచ్చును. సున్న రాలిపోయిన తరువాత విడదీసినచో 10కి బదులు 1 వచ్చును కనుక ఈ వరుస తప్పరాదు. విడదీసిన పిదప గుంటల వరుసలో 39కి మించిన అంకె ఎచ్చటనైన ఉన్నదేమో చూడుడు. ఉన్నచో అది నిశ్చయముగా తప్పే.

బ్యాంకు ఖాతా సంఖ్యలకును ఇదే మందు. ముందున్న సున్నలను ఎక్సెలు తీసివేయును. ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకొని 16వ అంకెను సున్నగా మార్చును. 12 అంకెల ఆధారు సంఖ్య 1.23457ఇ+11 అని వింత వేషముతో కనబడును. లోపల సంఖ్య చెడలేదు కాని, ఆ వేషముతోనే సి.ఎస్.వి. దస్త్రముగా భద్రపఱచినచో చెడును. టెక్స్టు రూపము ముందే ఇచ్చినచో ఇవి యేవియు జరుగవు. ఆధారు సంఖ్యల పట్టికను వాట్సాపు గుంపులలో పెట్టువారు కొందఱున్నారు. అది ఇంటి తాళపుచెవిని సంతలో వేలాడదీయుట, దయచేసి మానుడు.

పేర్లలోని చిక్కు మఱియొక తీరుది. పాత కార్యాలయములలో తెలుగు పేర్లను అను ఫాంట్లలో టైపు చేసిరి. అవి పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరముల గుర్తులు. ఆ ఫాంటు లేని యంత్రములోనికి, లేదా ఫోనులోనికి పేస్టు చేసినచో అర్థములేని గీతలగును. అట్టి పట్టికను మొదట యూనికోడులోనికి మార్చుకొని పిదప ఎత్తవలెను. పేరు చివర కంటికి కనబడని ఖాళీ కూడ వచ్చుచుండును. మనకు రెండు పేర్లును ఒకటే, యంత్రమునకు వేఱు. ట్రిమ్ అను సూత్రము మామూలు ఖాళీలను తీసివేయును. వెబ్బు పుటలనుండి వచ్చు ఒకరకపు ఖాళీ దానికి లొంగదు. ఫైండ్ అండ్ రీప్లేసుతో దానిని తొలగింపవలెను.

ఇప్పుడు మా 37 మంది రైతుల లెక్కను ఎట్లు చేసియుండవలసినదో చెప్పెదము. పట్టికను గ్రామముల క్రమమున అమర్చుకొన్నచో ఆ గ్రామమువారు ఒక్కచోటికి వచ్చుదురు, దాగిన వరుసలుండవు. అయినను జాబితాలోని క్రమము, పట్టికలోని క్రమము ఒకటే కావలెను. అట్లు అమర్చునప్పుడు ఒక్క పేర్ల వరుసనే ఎన్నుకొని క్రమము మార్చరాదు, పట్టికనంతను ఎన్నుకొనవలెను; లేకున్నచో పేర్లు కదలి ఖాతా సంఖ్యలు కదలక, ఒకరి ఖాతా ఇంకొకరి పాలగును. ఇంతకంటె మంచి మార్గము అసలు పేస్టు చేయకుండుట. రెండు పట్టికలలోను సభ్యత్వ సంఖ్య ఉండవలెను. వి-లుకప్ అను సూత్రము ఒక పట్టికలోని సభ్యత్వ సంఖ్యను రెండవ పట్టికలో వెదకి, దాని ఎదుటనున్న మొత్తమును తెచ్చి పెట్టును. వరుసలు ఏ క్రమమున ఉన్నను దానికి బాధ లేదు. సూత్రము చివర ఫాల్సు అను మాట తప్పక వ్రాయవలెను. వ్రాయనిచో సరియైన సంఖ్య దొరకనప్పుడు దగ్గఱి సంఖ్యను పట్టుకొని పరుని మొత్తమును తెచ్చును. పేరుతో వెదకింపరాదు. ఒక్క ఊరిలో నలుగురు బాలయ్యలుందురు, వారిలో ఇద్దఱికి తండ్రి పేరు కూడ ఒకటే. మొత్తములు వచ్చి సరిచూచుకొన్న పిదప ఆ వరుసను కాపీ చేసి అదే చోట అంకెలుగా దించినచో లెక్క స్థిరపడును.

పెద్ద సంస్థలును ఈ పనిలో జాఱినవి. 2012లో జె.పి. మోర్గాన్ అను అమెరికా బ్యాంకు లండను కార్యాలయములో 620 కోట్ల డాలర్ల నష్టము వచ్చెను. నష్టమునకు అది యొక్కటే కారణము కాదు కాని, అపాయమును కొలుచు లెక్కను ఒక ఎక్సెలు పట్టికనుండి మఱియొక దానికి చేతితో కాపీ, పేస్టు చేయుచు నడిపిరని ఆ బ్యాంకు తానే 2013 నివేదికలో ఒప్పుకొనెను. అంతటి జీతగాండ్రే ఇట్లు చేసినప్పుడు మన సంఘపు గుమాస్తాను మాత్రమే దోషిగా నిలుపరాదు. ఆతనికి సరిచూచుటకు సమయమీయని మేనేజరును కూడ అడుగవలెను.

సరిచూచుట యన మొత్తము చూచుట కాదని మా కథయే చెప్పినది. పేస్టు చేసిన తరువాత మేమిప్పుడు చేయు పని ఇది. ఎన్ని గడులు ఎత్తితిమో అన్ని గడులు నిండినవా యని లెక్కించెదము. మొత్తము కూడెదము. పిదప మొదటి రైతును, చివరి రైతును, నడుమ ఎవరినైన ఒకరిని తీసికొని, వారి రసీదు అడుగుప్రతితో పేరు, సభ్యత్వ సంఖ్య, రూపాయలు మూడును చూచెదము. ఐదు నిమిషముల పని. ఆ యాసంగిలో ఆ ఐదు నిమిషములు వెచ్చించి యుండినచో చివరి రైతు దగ్గఱనే దొరికిపోయి యుందుము; ఆయన గడి ఖాళీగా ఉండెను. పని మొదలుపెట్టుటకు ముందే దస్త్రము నకలును తేదీ పేరుతో వేఱుగ భద్రపఱచుటయు అప్పటినుండియే అలవాటు చేసికొంటిమి.

ఇంటివద్ద అభ్యాసమునకు ఒక లెక్క. మీ పట్టాదారు పాసు పుస్తకము తీసికొని, సర్వే నంబర్లను, విస్తీర్ణములను ఒక పట్టికలో ఎక్కింపుడు. బై నంబరు లేనివారు 12/3 అనియు 7/2 అనియు వ్రాసి చూడుడు. తేదీలు పడినచో రూపము ముందుగా మార్చలేదన్నమాట. ఎకరములు, గుంటలు వేఱు వరుసలలో పెట్టి, గుంటల మొత్తమును 40తో భాగించి, భాగఫలమును ఎకరములలో కలిపి, మిగిలినవి గుంటలుగా వ్రాయుడు. పాసు పుస్తకమున అచ్చయిన మొత్తముతో సరిపోవలెను. సరిపోనిచో పట్టికను, పాసు పుస్తకమును రెంటిని సంఘ కార్యాలయమునకు తెండు. తప్పు పట్టికలోనే ఉన్నదని ముందుగా అనుకొనవలదు.